స్కిజోఫ్రీనియా అని రాసి పంపిన ఒక కెమ్‌సెక్స్ కేసు

కెమ్‌సెక్స్ అంటే మత్తు పదార్థాలు తీసుకుని శృంగారంలో పాల్గొనడం. పేషెంటుకి 31 ఏళ్ళు. ఒంగోలు దగ్గర ఒక పల్లె. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, మారతహళ్ళిలో సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. శేఖర్ అందాం. అసలు పేరు అది కాదు. ఊరూ ఉద్యోగమూ సహా గుర్తుపట్టే వీలున్నవన్నీ మార్చాను. రాయడానికి అతను ఒప్పుకున్నాడు. ఓపీకి తీసుకొచ్చింది అక్క భర్త. ఆయన చేతిలో వేరే ఆసుపత్రి ఫైలు, దానిమీద స్కిజోఫ్రీనియా (భ్రమలు, అనుమానాలతో దీర్ఘకాలం ఉండే మానసిక వ్యాధి) అని డయాగ్నసిస్, దానికిచ్చే ఒలాంజపిన్ మాత్ర 20 మిల్లీగ్రాములు, మందులు ఆపకూడదు అని ఎర్ర ఇంకుతో ఒక గీత.

బావగారు చెప్పింది ఇదీ. రెండు నెలల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి ఓనరు నుంచి ఫోన్ వచ్చింది. మీ వాడు కిటికీలన్నిటికీ బ్రౌన్ టేపు అంటించుకుని కూర్చున్నాడు, స్విచ్‌బోర్డులు విప్పేశాడు, పై పోర్షన్ వాళ్ళు కెమెరాలు పెట్టి వీడియోలు తీసి ఊరికి పంపుతున్నారని అరుస్తున్నాడు, వచ్చి తీసుకెళ్ళండి అని. ఆయన ఆ రాత్రి బస్సెక్కి వచ్చారు. ఊళ్ళో ముందు తాయెత్తు కట్టించారు, తర్వాత ఆసుపత్రి. గురువారానికల్లా మనిషి మామూలయ్యాడు. మందు పనిచేసిందని అందరూ సంతోషించారు. తిరిగి ఉద్యోగంలో చేరి, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటుండగానే, మొన్న ఆదివారం మళ్ళీ అదే టేపు, అవే కెమెరాలు. మంగళవారం ఉదయం నా దగ్గరికి తెచ్చారు. అప్పటికే సగం తగ్గి ఉంది. తను అన్న మాటలు తనకే సిగ్గనిపిస్తున్నాయన్నట్టు తలొంచుకుని కూర్చున్నాడు.

ఫైలులో నాకు పట్టిచ్చింది తేదీలు. రెండుసార్లూ ఆదివారమే మొదలైంది, రెండుసార్లూ వారం మధ్యకల్లా తగ్గుముఖం పట్టింది. స్కిజోఫ్రీనియాకి వీకెండ్లు ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ 11 ప్రకారం ఆ పేరు పెట్టాలంటే లక్షణాలు కనీసం నెల రోజులు ఉండాలి. పైగా ఈ మనిషికి అనుమానం ఆ కొద్ది రోజులే ఉంటోంది, మిగతా రోజుల్లో పని చేస్తున్నాడు, మాటలో అతుకుబొతుకు లేదు, ముఖంలో భావాలు చెక్కుచెదరలేదు. ఆ ఫైలు మొత్తంలో మత్తు పదార్థాల గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: ‘మద్యం అప్పుడప్పుడు’. అది బావగారు చెప్పగా రాసుకున్నది.

ఆయన్ని బయట కూర్చోమన్నాను.

ఇలాంటి కేసుల్లో ప్రశ్నల వరస ముఖ్యం. నిద్ర, తిండి, సిగరెట్, మందు, గంజాయి, ఆ తర్వాత అదే గొంతుతో ‘క్రిస్టల్, ఎండీ లాంటివి ఏమైనా?’ కాసేపు ఏమీ అనలేదు. ‘ఒక్కరే తీసుకుంటారా, ఎవరినైనా కలిసినప్పుడా? కలిసేది ఆడవాళ్ళనా, మగవాళ్ళనా, ఇద్దరినీనా?’ అని అడిగాను. బీపీ ఎంత అని అడిగినట్టే అడగాలి దీన్ని. గొంతు తగ్గించి, కళ్ళు తిప్పుకుని అడిగామా, జవాబు కూడా అలాగే వస్తుంది. అతను ముందు తలుపు వైపు చూశాడు.

‘బావకి చెప్తారా మేడమ్?’

మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో 23వ సెక్షన్ ఉంది, ఇక్కడ మీరు చెప్పింది చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపుల్లో తప్ప మీ అనుమతి లేకుండా బయటికి పోదు, మీరు మేజరు, బావగారికి ఏం చెప్పాలో మీరే నిర్ణయిస్తారు అన్నాను. మరి పోలీసులు? నా పని వైద్యం, కంప్లైంటు కాదు అని చెప్పాను. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉందనీ చెప్పాను: వాడినందుకో, చిన్న మొత్తం దొరికినందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న సంస్థలోనో వైద్యానికి సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. ఇది చాలామంది డాక్టర్లకే తెలీదు.

అప్పుడు విషయం బయటికొచ్చింది. మూడేళ్ళ క్రితం ఒక డేటింగ్ యాప్‌లో పరిచయమైన వ్యక్తి ‘హెచ్‌ఎఫ్ చేస్తావా’ అని మెసేజ్ పెట్టాడు. హై ఫన్ అని దాని అర్థం. మన ఊళ్ళలో కెమ్‌సెక్స్ అనే మాట డాక్టర్ల నోట వినాల్సిందే, ఫోన్లలో నడిచేది హెచ్‌ఎఫ్, కెమ్స్. ఆ రాత్రి ఎవరో గాజు పైపు వెలిగించి ఇచ్చారు. అది మెథాంఫెటమిన్, క్రిస్టల్. ఆ రాత్రి ఎలా ఉందని అడిగితే అతను చెప్పిన జవాబు చుట్టూనే తర్వాతి వైద్యమంతా నడిచింది. ‘మొదటిసారి అమ్మ గుర్తు రాలేదు మేడమ్.’

అంతకుముందు ఎవరిని కలిసినా, అయిపోగానే స్నానం చేసి, ఇంటికొచ్చి దేవుడి పటం ముందు నిలబడి ఏడ్చేవాడట. స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబర్ 6న వచ్చినప్పుడు ఆఫీసులో అందరూ దాని గురించి మాట్లాడుకుంటుంటే తను లేచి బాత్రూమ్‌కి వెళ్ళిపోయాడు. సంతోషపడితే ఎవరికైనా తెలుస్తుందని. క్రిస్టల్ పొగ ముందుగా చెరిపేసింది ఆ సిగ్గునే. ఈ మందు మెదడులో డోపమిన్‌ను కుమ్మరించి, సహజంగా ఏ సుఖంలోనూ రానంత మోతాదులో, గంటల తరబడి నిలబెడుతుంది. దాని అర్ధాయువే, అంటే ఒంట్లో సగానికి తగ్గడానికే, పది, పన్నెండు గంటలు. నిద్ర రాదు, ఆకలి వేయదు, భయం ఉండదు. అలాంటి స్థితిలో శృంగారం జరిగిన ప్రతిసారీ మెదడు రెండింటినీ ఒకే పేరుతో దాచుకుంటుంది. రెండేళ్ళయ్యేసరికి శేఖర్‌కి కోరిక కలగడమంటే క్రిస్టల్ గుర్తురావడమే.

శుక్రవారం రాత్రి మొదలైతే ఆదివారం. సోమవారం లీవు, మంగళవారం కారణం లేని ఏడుపు, బుధవారం ‘ఇంక చాలు’ అని ఒట్టు, గురువారం మళ్ళీ ఫోన్ చేతిలోకి. మధ్యలో ఎండీ కూడా వచ్చింది. ఎండీ అంటే ఇక్కడ ఎక్కువగా మెఫెడ్రోన్ అనే ఉత్తేజక మత్తు. కానీ ఎండీఎంఏని (ఎక్స్టసీ) కూడా అలాగే పిలిచేవాళ్ళున్నారు కాబట్టి రంగు, రూపం, ఎంతసేపు పనిచేసింది అని అడిగి తెలుసుకోవాలి. మెఫెడ్రోన్ రెండు, మూడు గంటల్లో దిగిపోతుంది, అందుకే ఒకే రాత్రి మళ్ళీ మళ్ళీ తీసుకుంటారు. మూత్రానికి చేసే మన స్ట్రిప్ టెస్టుల్లో అది సరిగ్గా పట్టుబడదు. జీహెచ్‌బీ అనే మత్తు ద్రవం రెండు, మూడుసార్లు తాగాడు. అది రోజూ తాగే అలవాటు ఉందా అని తప్పకుండా అడగాలి. ఉంటే ఆపిన కొద్ది గంటల్లోనే వణుకు, మతిభ్రమ దాకా వెళ్ళొచ్చు, అడ్మిట్ చేయకుండా ఆపించకూడదు. శేఖర్‌కి ఆ అలవాటు లేదు. దాన్ని మద్యంతో కలిపితే ఊపిరి ఆగిపోతుందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న అంగస్తంభన మాత్ర సిల్డెనాఫిల్ 100, దానిమీద పాపర్స్ అనే ద్రవం ఆవిరి పీల్చడం కూడా ఉంది. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆఖరి రెండు పార్టీల్లో సూది. స్లామ్ అంటారు. రెండుసార్లు వచ్చిన అనుమాన పిచ్చీ ఆ రెండు వారాంతాల తర్వాతే. మందు నేరుగా రక్తంలోకి వెళ్ళినప్పుడు, నిద్ర లేని గంటలు నలభై దాటినప్పుడు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు నమ్మే స్థితి) రావడంలో వింతేం లేదు.

ఇక్కడ గడియారం చూసుకోవాల్సి వచ్చింది. శనివారం రాత్రి పదకొండు ప్రాంతంలో వేరేవాళ్ళు వాడిన సిరంజి, కండోమ్ లేదు. మంగళవారం ఉదయం పదకొండు అంటే అరవై గంటలు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పెప్ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. సైకాలజీ మాటలన్నీ పక్కన పెట్టి, రక్తం తీయించి, తెలిసిన హెచ్‌ఐవీ ఫిజీషియన్‌కి ఫోన్ చేసి ఆ మధ్యాహ్నమే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర మొదలుపెట్టించాను. 28 రోజులు. అడిక్షన్ క్లినిక్కుల్లో పనిచేసేవాళ్ళు ఈ ఒక్క లెక్క మరిచిపోకూడదని నా అభిప్రాయం. కౌన్సెలింగ్ వచ్చే వారం మొదలుపెట్టినా నష్టం లేదు, పెప్ రేపు మొదలుపెడదామంటే కుదరదు.

రిపోర్టుల్లో హెచ్‌ఐవీ నెగెటివ్, హెపటైటిస్ బీ, సీ నెగెటివ్. సిఫిలిస్ పాజిటివ్, దాని జోరు చూపే రక్తపరీక్ష ఆర్‌పీఆర్ 1:32. అంతకుముందు ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు, ఎప్పుడు సోకిందో తెలీదు కాబట్టి బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. హెపటైటిస్ బీ టీకా మొదలైంది. పెప్ పూర్తయి పరీక్ష మళ్ళీ నెగెటివ్ వచ్చాక ఆపకుండా ప్రెప్‌కి, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే మాత్రలకి, మార్చాం. ప్రెప్ ఇస్తే ఇంకా విచ్చలవిడిగా తిరుగుతాడేమో అని ఒక తోటి డాక్టర్ నాతో అన్నారు. హెచ్‌ఐవీ వస్తే తిరగడం మానేస్తాడా అని అడిగాను.

బావగారిని లోపలికి పిలిచే ముందు ఏం చెప్పాలో శేఖర్, నేను కూర్చుని మాట అనుకున్నాం. మత్తు మందు వాడటం వల్ల వచ్చిన అనుమానం, పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు, వైద్యం ఉంది. అంతవరకే.

ఆయన విని, కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ‘నాకు తెలుసండీ, ఏదో అలవాటు చేసుకున్నాడని. మా అత్తగారికి చెప్పకండి, తట్టుకోలేదు. మేడమ్, ఒక్క మాట. పెళ్ళి చేసేస్తే కుదురుకుంటాడు కదా? సంబంధం ఒకటి చూశాం, పిల్ల హైదరాబాదులో చేస్తోంది.’

‘ఇప్పుడు పెళ్ళి మాట ఎత్తొద్దండి.’

‘ఎప్పుడు ఎత్తమంటారు?’

‘వైద్యం నడిచినంతకాలం ఎత్తొద్దు. తర్వాత సంగతి ఆయన చెప్తారు.’

ఆయన బామ్మర్ది వైపు చూశారు. శేఖర్ నేల చూపులు చూశాడు. ‘పోనీ ఏదైనా సెంటర్లో మూడు నెలలు పడేద్దామా? మా ఊరివాడొకణ్ణి అలాగే వేశారు, తాగుడు మానేశాడు’ అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ తాగుడు కోసం కట్టిన సెంటర్లో ఇరవై మంది తండ్రులు, మొగుళ్ళ మధ్య గుండ్రంగా కూర్చుని ‘నా కథ’ చెప్పమంటే శేఖర్ ఏం చెప్తాడు? మందు తాగేవాణ్ణని అబద్ధం చెప్పి మూడు నెలలు గడిపి, బయటికొచ్చిన మొదటి శుక్రవారం యాప్ తెరుస్తాడు. అడ్మిషన్ అవసరమయ్యే కేసులున్నాయి: ఆత్మహత్య ఆలోచన, తగ్గని సైకోసిస్, జీహెచ్‌బీ విత్‌డ్రాయల్. ఇతనికి అవేవీ లేవు. ఓపీలోనే చూస్తానన్నాను.

ఒలాంజపిన్ నెల రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపేశాను. అనుమానాలు తిరిగి రాలేదు. క్రిస్టల్ మానిపించడానికంటూ ఆమోదం పొందిన మందు ఇప్పటికీ ఏదీ లేదు. డిప్రెషన్‌కి వాడే మిర్టజపిన్ మీద 2011లో, 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మగవారితో సంబంధాలున్న మగవాళ్ళ మీదే ముఖ్యంగా చేసిన ట్రయల్స్‌లో వాడకం కొంత తగ్గింది. 2021లో తాగుడు మాన్పించడానికి వాడే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, డిప్రెషన్‌కి వాడే బూప్రోపియాన్ కలిపి ఇచ్చిన పెద్ద ట్రయల్‌లో 13.6 శాతం మందికి ఫలితం కనిపించింది, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 2.5. ఇటీవలే సైకోసిస్ వచ్చిన మనిషికి దాన్ని మళ్ళీ రేపుతుందేమోనని బూప్రోపియాన్ ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. మిర్టజపిన్ 15తో మొదలుపెట్టి 30కి వెళ్ళాను. నిద్ర మొదటి వారంలోనే గాడిలో పడింది. బరువు పెరుగుతుందని ముందే హెచ్చరించాను.

మందుల కంటే ఎక్కువ సాక్ష్యం ఉన్నది కంటింజెన్సీ మేనేజ్‌మెంట్‌కి, అంటే నెగెటివ్ టెస్టుకి వెంటనే బహుమతి. మన ఓపీల్లో వోచర్లు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని శేఖర్ డబ్బుతోనే ఏర్పాటు చేశాం. అతని విషయం అంతా తెలిసిన ఒకే ఒక్క స్నేహితుడు, కర్నూలు అబ్బాయి, అదే కంపెనీ. వారానికి ఒక ప్యాకెట్‌కి ఎంతయ్యేదో అంత డబ్బు జీతం రోజే ఆ స్నేహితుడికి పంపేస్తాడు. సోమ, గురువారాలు యూరిన్ స్ట్రిప్. మెత్ మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులు కనిపిస్తుంది కాబట్టి ఈ రెండు రోజులు చాలు. నెగెటివ్ అయితే ఆ వాటా ఒక సెకండ్ హ్యాండ్ గేరు సైకిల్ కోసం పక్కకి. పాజిటివ్ అయితే ఆ వారం వాటా జమ కాదు, అంతే, తిట్లు లేవు. పెద్దవాళ్ళ ఆట కాదిది అని మొదట నవ్వాడు. నాలుగో వారానికి స్ట్రిప్ మీద రెండో గీత (వస్తే నెగెటివ్) వచ్చిందా లేదా అని నాకంటే ముందు వంగి చూసేవాడు.

శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా గండం. ఆ అయిదు గంటల్నే పట్టుకున్నాం. ఆఫీసు నుంచి తిన్నగా స్నేహితుడితో మారతహళ్ళి ఆంధ్రా మెస్‌కి వెళ్ళాలి, పప్పు, గోంగూర, పెరుగు అన్నం కడుపునిండా తినాలి. ఆకలితో ఉన్నప్పుడు కోరిక ఎక్కువగా తన్నుకొస్తుందని అతనే గమనించాడు. యాప్ తీసేయించాం. కానీ యాప్ తీసేయడం, మళ్ళీ వేసుకోవడం రెండు నిమిషాల పని. అమ్మేవాడి నంబరు బ్లాక్ చేస్తే వాట్సాప్‌లో ఇంకో నంబరు నుంచి ‘ఉన్నావా బ్రో’ అని వస్తుంది. ఎక్కువ పనిచేసింది శుక్రవారం రాత్రికి యూపీఐ రోజువారీ పరిమితిని అయిదు వందలకి దించడం.

ఏడో వారంలో జారాడు. సంక్రాంతికి ఊరెళ్ళాడు. నేను వద్దన్న సంబంధం వాళ్ళు పండగ పలకరింపు పేరుతో ఇంటికొచ్చారు. పెళ్ళిచూపులని ముందే చెప్పలేదు. అమ్మాయి ఎదురుగా కూర్చుని ఏం చదివారని అడిగింది. అతను సమాధానాలు చెప్పాడు, బొబ్బట్లు తిన్నాడు, నవ్వాడు. రాత్రి బస్సులో నెల్లూరు దాటేదాకా ఏమీ అనిపించలేదట. తర్వాత ఫోన్ తీశాడు. పొద్దున సిల్క్ బోర్డు దగ్గర దిగి, ఇంటికి కాదు, వేరే అడ్రసుకి ఆటో ఎక్కాడు.

మంగళవారం వచ్చి తనే చెప్పాడు. సూది వాడలేదు, ప్రెప్ మానలేదు, పద్దెనిమిది గంటల్లో లేచి వచ్చేశాడు. మూడేళ్ళలో మొదటిసారి మధ్యలో లేచి రావడం. మా ఇద్దరికీ ఆ రోజు ఎక్కువ పని చేసిపెట్టింది అదే. గంట గంటకీ ఏం జరిగిందో కాగితం మీద రాయించాను. మోజు మొదలైంది బస్సులో అని అతను రాశాడు. ఇంకొంచెం వెనక్కి వెళ్ళమన్నాను. బొబ్బట్టు తుంచుతూ ‘ఈ పిల్లని మోసం చేస్తున్నా’ అనుకున్న క్షణం దగ్గర ఆగాడు. అక్కడి నుంచి బస్సెక్కే దాకా ఎవరికైనా ఫోన్ చేసి ఉండొచ్చా? అక్కకి చెయ్యొచ్చేమో అన్నాడు. అక్కకి అప్పటికి ఏమీ తెలీదు.

అక్కతో మాట్లాడటం ఎలాగో సాధన చేయడానికి కొన్ని సెషన్లు పట్టాయి. నేనేమీ నెట్టలేదు. ఇంట్లో చెప్పడం అనేది వైద్యంలో భాగం కావాలని నియమం లేదు, కొన్ని ఇళ్ళలో అది ప్రమాదం కూడా. చివరికి ఆమె బెంగళూరు వచ్చినప్పుడు కబ్బన్ పార్కులో చెప్పాడు. ఆమె చాలాసేపు ఏమీ అనకుండా, ‘బావకి నేను చెప్తాలే, నువ్వు చెప్పకు’ అందట.

మూడో నెలలో అసలు ప్రశ్న వచ్చింది. మొదటి రోజే నేను అడిగినది: క్రిస్టల్ లాంటి మత్తు మందు లేకుండా ఆఖరిసారి ఎవరినైనా ఎప్పుడు కలిశారు? రెండేళ్ళు దాటింది అన్నాడప్పుడు. ఇప్పుడు అదే తిరగేసి అడిగాడు. ‘మందు లేకుండా నావల్ల అవుతుందా మేడమ్? కాకపోతే ఈ మానేయడమంతా దేనికి?’

దీనికి జవాబు చెప్పకుండా యూరిన్ స్ట్రిప్పులు మాత్రమే లెక్కపెట్టే వైద్యం ఈ పేషెంట్ల దగ్గర నిలబడదు. శరీరం సంగతి ముందు చెప్పాను. క్రిస్టల్ ఆపిన తొలి నెలల్లో కోరిక మందగించడం, అంగస్తంభన సరిగా లేకపోవడం మామూలే. ఎండాకాలం అడుగంటిన బోరు మళ్ళీ ఊరడానికి టైము పడుతుంది, రోజూ మోటరు వేసి చూస్తే కాలిపోయేది మోటరే. ప్రకాశం జిల్లా మనిషి, వెంటనే అర్థమైంది. తర్వాత పని చిన్న మెట్లుగా: ఒంటరిగా, ఫోన్ పక్కన పెట్టి, పాత పార్టీల జ్ఞాపకాలు లేకుండా తన ఒంటిని తాను మళ్ళీ అలవాటు చేసుకోవడం. ఆపైన పగటిపూట, కాఫీ దగ్గర, కూర్చుని మాట్లాడటానికే ఒకరిని కలవడం. ప్రొఫైల్‌లో ‘కెమ్స్ వద్దు’ అని ముందే రాసి పెట్టడం. బెంగళూరులో 1994 నుంచి గుడ్ యాజ్ యూ అనే సపోర్ట్ గ్రూపు ఉంది. అక్కడికి వెళ్ళినప్పుడు మంచం, పైపు రెండూ లేని గదిలో తనలాంటి మగవాళ్ళను చూడటం అతనికి అదే మొదటిసారి. చాలాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదట.

ఎనిమిదో నెలలో ఒకరితో కలిశాడు, మందు లేకుండా. ఎలా ఉందన్నాను. ‘అమ్మ గుర్తొచ్చింది మేడమ్, కానీ మధ్యలో వెళ్ళిపోయింది’ అని నవ్వాడు. ఆ సిగ్గు మీద ఇంకా పని ఉంది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. మొత్తం రెండుసార్లు జారాడు, రెండోది జీతం పెరిగిన వారం. సూది మళ్ళీ ముట్టలేదు. ఆర్‌పీఆర్ 1:4కి దిగింది, హెచ్‌ఐవీ ప్రతి మూడు నెలల పరీక్షలోనూ నెగెటివ్. హెపటైటిస్ సీ మళ్ళీ చూశాం, నెగెటివ్. వచ్చి ఉన్నా పన్నెండు వారాల మాత్రలతో నయమయ్యేదే, జాతీయ కార్యక్రమం కింద ఉచితం కూడా. స్కిజోఫ్రీనియా అన్న మాట అతని ఇన్సూరెన్సు రికార్డులో ఇంకా ఉంది. దాన్ని సరిచేయమని పాత ఆసుపత్రికి నేను రాసిన లెటర్‌కి సమాధానం రాలేదు, మరొకటి పంపుతున్నాను. అమ్మ వాట్సాప్‌లో అమ్మాయిల ఫొటోలు పంపుతూనే ఉంది. బావగారు మాత్రం ఆ సంబంధం వాళ్ళకి ‘జాతకాలు కలవలేదు’ అని తనే చెప్పి పంపేశారు. ఎందుకో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మిర్టజపిన్‌తో ఆరు కిలోలు పెరిగాడు. గేరు సైకిల్ కొన్నాడు కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద తొక్కే చోటెక్కడిది. వచ్చే నెల నుంచి డోసు 15కి దించి, రెండు నెలలు చూసి ఆపాలని ప్లాను. స్ట్రిప్ టెస్టులు వారానికొకటికి తగ్గిస్తానన్నాను. రెండే ఉంచమని అతనే అడిగాడు, ఉంచాను.